పత్తికాయ గుర్తు చాకు

ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి నా చాకుల పెట్టె చూస్తానని వచ్చాడు. పాత వస్తువులు పోగుచేసే అలవాటున్న మనిషట. కళ్ళద్దాలు పైకి జరుపుకుని, ఒక్కొక్క చాకూ తెరిచి, మూసి, "కంపెనీలు ఊరికే పంచిపెట్టిన చాకులే కదమ్మా ఇవన్నీ" అన్నాడు. ఊరికే! ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ కంపెనీ ఏదీ ఊరికే ఇవ్వదు. దాని చాకు మన జేబులో ఉన్నన్నాళ్ళూ దాని పేరు మనం మోస్తాం, కూలి లేకుండా. మా బాపు అయితే ఒక కంపెనీ చాకు తీసుకున్నందుకు పదకొండేళ్ళు దొంగ అనే పేరు మోశాడు.

ఆయనకు చాయ్ ఇచ్చాను గానీ ఈ సంగతి చెప్పలేదు. పత్తికాయ గుర్తున్న చాకుల వరుసలో ఒకచోట ఖాళీ చూసి, "ఇక్కడ ఉంగరం ఉన్న రకం ఉండాలే, అది దొరకలేదా పాపం?" అని నా మీద జాలిపడ్డాడు. దొరికింది. మా వాకిట్లోకే వచ్చింది. అయినా అది నా పెట్టెలో ఎందుకు లేదో చెప్పాలంటే బాపు సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మాది భైంసా. బాపు అక్కడి ఒక పత్తి మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాడు. బండ్ల మీద వచ్చిన పత్తిని తూచి, ఎంత తూగిందో అందరికీ వినపడేలా గట్టిగా చెప్పడం ఆయన పని. రైతులు మిల్లు గేటు ముందు బండి ఆపి, "కాంటాయన ఉన్నడా?" అని అడిగి, ఉన్నాడంటేనే ఎడ్లను విప్పేవాళ్ళు. అవ్వ, అంటే మా అమ్మ, నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. మాది మిషన్ సంఘంలో చేరిన కుటుంబం. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని వరుస వరుసకూ తిరిగేది బాపే. అటు కాంటా, ఇటు కానుకల సంచి. ఈ రెండూ ఆయన చేతికే ఎందుకిచ్చారో ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

దసరాకు మిల్లులో యంత్రాలకూ కాంటాకూ కుంకుమ పెట్టి పూజ చేసేవాళ్ళు. పూజ అయ్యాక మిల్లు యజమాని పెద్ద సేటు తన గద్దె మీద కూర్చుని, మిల్లుకు పత్తి తెచ్చే వ్యాపారులకూ దళారులకూ తలా ఒక మడత చాకు ఇచ్చేవాడు. ఎముక పిడి, పిడి మీద పగిలిన పత్తికాయ బొమ్మ, దాని కింద మిల్లు పేరు. ఆయుధాలకు పూజ చేసే రోజున చాకు ఇస్తే వద్దనే వాడు ఉండడు, పారేసేవాడు అసలే ఉండడు. సంవత్సరం పొడుగునా ఆ పేరు ఊళ్ళన్నీ తిరుగుతుంది. ఎంత తెలివో చూడండి.

చాకు ఇవ్వడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. చాకు గానీ కత్తెర గానీ చేతికి చేయి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట వస్తుందని భయం. ఇచ్చేవాడు కింద పెడతాడు, తీసుకునేవాడు వంగి తీసుకుంటాడు. ప్రార్థనకు పోయేవాళ్ళం కాబట్టి మాకు ఆ పట్టింపు లేదు. అయినా ఎదుటివాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని బాపు ఎవరి పద్ధతి వాళ్ళ దగ్గర పాటించేవాడు. ఆ మర్యాదే ఆయన మెడకు చుట్టుకుంది.

అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఆంధ్రతో కలవలేదు. నేను మిషన్ ఆస్పత్రిలో కాన్పుల పని నేర్చుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ దసరా నాడు పూజ అయిపోయి, వ్యాపారులంతా వెళ్ళిపోయాక, పెద్ద సేటు కాంటా దగ్గరికి వచ్చాడట. తన జేబులోంచి చాకు తీసి కాంటా పలక మీద పెట్టి, "తీస్కో. నీ తూకం మీదనే నా మిల్లు నిలబడ్డది" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడట. బాపు ఒక నిమిషం ఆగి, వంగి తీసుకున్నాడు. ఇంటికి వచ్చి నాకు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది. కాంటా దగ్గర పనిచేసే మనిషికి సేటు చాకు ఇవ్వడం అంతకుముందు ఎన్నడూ లేదు.

మూడు రోజులకు పెద్ద సేటు తన దేశానికి, ఉత్తరాదిన ఉన్న సొంతూరికి, ప్రయాణమై వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మిల్లులో చాకుల పెట్టె సర్దుతుంటే ఒక చాకు తక్కువ వచ్చింది. చిన్న సేటు, అంటే ఆయన కొడుకు, అందరినీ అడిగాడు. మిల్లు గుమస్తా ముందుకొచ్చి, "కాంటాయన పలక మీది చాకు తీసి జేబుల ఏస్కుంటుంటే నేను కండ్లార చూసిన" అన్నాడు.

చూశాడు, నిజమే. బాపు వంగడం చూశాడు. మరి సేటు పెట్టడమో? అది తాను చూడలేదన్నాడు.

చిన్న సేటు బాపును పిలిపిస్తే నేనూ వెంట వెళ్ళాను. బాపు చాకు తీసి బల్ల మీద పెట్టి, "పెద్ద సేటు తన జేబులకెళ్ళి తీసి పెట్టిండు. నేను తీస్కున్న" అన్నాడు. అంతే. ఒట్లు పెట్టలేదు, ఏడవలేదు. చిన్న సేటు నవ్వి, "మా బాప్ కాంటా మీది మనిషికి చాకు ఇస్తడా? ఎవలన్న వింటే నవ్వుతరు" అన్నాడు. చాకును చేత్తో కూడా ముట్టలేదు. పెన్ను కొసతో బాపు వైపు నెట్టి, "నీ దగ్గర్నే ఉంచుకో. చూసినప్పుడల్లా యాదికుంటది" అన్నాడు. గుమస్తా పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. తన మాట ఇంత అన్యాయానికి దారితీసిందని బాధతో తల దించుకున్నాడేమో అనుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకొకతి ఉండదు.

పెద్ద సేటుకు నేనే ఉత్తరం రాశాను. అందిందో లేదో తెలియదు. చలికాలం పోకముందే ఆయన అక్కడే కన్నుమూశాడని మిల్లుకు కబురొచ్చింది. నిజం తెలిసిన మనిషి పోయాడని నేను ఏడిస్తే, చుట్టుపక్కల వాళ్ళు అదీ ఒక నాటకమే అనుకున్నారు.

బాపును కాంటా మీద నుంచి తీసి, గింజలు వేరుచేసే యంత్రాల దగ్గర వేశారు. అక్కడ పొద్దంతా దూది నూగు ముక్కులోకీ నోట్లోకీ పోతుంది. రెండేళ్ళు తిరగకుండానే దగ్గు పట్టుకుంది. అది మిల్లు చేసిన పని. మా సంఘం పెద్దలు చేసింది నాకు అంతకన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఒక ఆదివారం ఆరాధనకు ముందు బాపును పక్కకు పిలిచి, "గీ ముచ్చట సల్లబడేదాక సంచి ఇంకొకలు పట్టుకుంటరు. నువ్వు ఫికర్ చెయ్యకు" అని మెత్తగా చెప్పారు. ఫికర్ చెయ్యకట! సల్లబడటానికి పదకొండేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ బాపు వెనక బెంచీ మీద గోడ వారగా కూర్చున్నాడు. సంచి తన ముందుకు వచ్చినప్పుడు కానుక వేసి, సంచి అంచు కూడా తగలకుండా చేయి గబుక్కున వెనక్కి తీసుకునేవాడు. ఎవరింటికైనా వెళ్తే ఆ ఇంటి ఆడవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూనే గూట్లోని చెంబును లోపలికి జరిపేవాళ్ళు. నేను చూశాను. బాపూ చూశాడు.

"ఊరంత తిరిగి చెప్పు బాపు, నేను తియ్యలే అని" అని నేను అరిచేదాన్ని.

"నమ్మెటోళ్ళు చెప్పకున్నా నమ్ముతరు బిడ్డా. నమ్మనోళ్ళకు చెప్పుకుంట తిరిగితే దొంగనే అంటరు" అనేవాడు.

ఆయన నెమ్మది చూస్తే నాకు గుమస్తా మీద కన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చేది. ఆ చాకును ట్రంకుపెట్టె అడుగున, అవ్వ చీర మడతలో పెట్టాడు. నేను దాన్ని తాకలేదు.

చదువు పూర్తయ్యాక నాకు సర్కారు కొలువు వచ్చింది. కాన్పుల నర్సమ్మగా ఊరూరా తిరగాలి. బాసర దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో నా మొదటి కాన్పు. మరునాడు బిడ్డను చూడటానికి వెళ్తే, తల పక్కన తెరిచిన చాకు!  "పసిగుడ్డు తలకాడ తెరిచిన చాకు పెడ్తరా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ ఇంటి ముసలమ్మ ఏమాత్రం జంకలేదు. "ఇనుము లేకుంటే గాలి సోకుతది నర్సమ్మా" అంది. దిండు కింద ఇనుప వస్తువు పెట్టడం అందరూ చేసేదే. తెరిచి పెట్టడం మాత్రం ఆమె సొంత తెలివి. చాకు తీసి మడుస్తుంటే పిడి మీద లాంతరు బొమ్మ కనబడింది. కిరోసిన్ అమ్మే కంపెనీ చాకు అది.

ఆ రోజు నుంచి నేను ఏ బాలింత మంచం దగ్గరికి వెళ్ళినా ముందు బిడ్డను చూసేదాన్ని, తర్వాత దిండు కింద చేయి పెట్టేదాన్ని. మీరు నమ్మరు గానీ, చాకు డబ్బిచ్చి కొన్న ఇల్లు నాకు చాలా అరుదుగా కనబడింది. అన్నీ ఎవరో ఒక కంపెనీ వాళ్ళు పంచినవే. బీడీల వాళ్ళది కోడిపుంజు, ఎరువుల వాళ్ళది నాగలి. కరీంనగర్ వైపు బదిలీ అయినప్పుడు ఒక నేత ఇంట్లో నెమలి గుర్తు చాకు చూశాను. నూలుకు రంగులమ్మే కంపెనీది. దారాలు కోసీ కోసీ దాని పిడి మీద ఎన్ని రంగులో! ఒక తండ్రి కంపెనీ పేరు గీకేసి, గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి చేత తన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించుకున్నాడు. ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. శ్రీరాంపూర్ బొగ్గుబావుల దగ్గర పనిచేసినప్పుడు రేకు పిడి ఉన్న నల్ల చాకులు దొరికేవి. బావులకు ఇనుప తాళ్ళు అమ్మేవాళ్ళు ఇచ్చినవి.

గుర్తులను కాన్పుల రిజిస్టరు అంచున పెన్సిలుతో వేసుకునేదాన్ని. తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరమ్మ ఒకసారి పేజీ తిప్పి, "ఇదేందమ్మా, ఈ ఇంట్ల కోడిపుంజు పుట్టిందా?" అని అందరి ముందూ నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. చాకు చదవడం నాకు అప్పటికే చేతనైంది. పిడి ఎముకదా, కొమ్ముదా, రేకుదా చూడాలి. గుర్తు అచ్చుతో నొక్కిందా, పైన రంగుతో వేసిందా అని గోటితో గీరి చూడాలి. అన్నిటికన్నా ముందు తెరవాలి. అంచు ఎంత అరిగిందో, గోరు పెట్టి తెరిచే గాడి ఎంత నునుపెక్కిందో చూస్తే ఆ చాకు ఎన్నేళ్ళు ఒకరి జేబులో తిరిగిందో తెలిసిపోతుంది. తెరవకుండా చాకు గురించి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది.

బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేశాక నాకు చీర పెడతామనేవాళ్ళు. "చీర వద్దు, ఆ చాకు ఇయ్యిండ్రి" అనేదాన్ని. నర్సమ్మకు పిచ్చి అనుకునేవాళ్ళు. సరే ఇస్తామని కొందరు ముందు దాన్ని చింతపండూ ఇటుక పొడీ పెట్టి తోమేవాళ్ళు, నాకు మర్యాదగా ఇవ్వాలని! తళతళలాడేది గానీ గుర్తు సగం పోయేది. అంత ప్రేమగా ఇస్తుంటే తిట్టలేను, తిట్టకుండా ఉండలేను. ఇక అందరూ పద్ధతి ప్రకారం చాకును కింద పెట్టేవాళ్ళు. నేను వంగేముందు ఇంట్లో వాళ్ళందరినీ కేకేసేదాన్ని. "అందరు జూడుండ్రి! ఈమె పెట్టింది, నేను తీస్కుంటున్న. రేపు ఎవలన్న అడిగితే చెప్పాలె!" వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను నవ్వులాటకు అన్నది ఒక్కసారీ లేదు.

మళ్ళీ భైంసా వైపు బదిలీ అయ్యాక, దగ్గరి ఊళ్ళో ఒక పత్తి దళారి ఇంట్లో కాన్పు చేశాను. దిండు కింద పత్తికాయ గుర్తు చాకు ఉంది. అప్పటిదాకా మా మిల్లువి అయిదారు చూశాను, అన్నీ పాతవి, ఒకే తీరు. దీని పిడి కొసన మాత్రం చిన్న ఇత్తడి ఉంగరం ఉంది. ఇదేమిటని అడిగితే దళారి చెప్పాడు.

"పెద్ద సేటు పంచిన ఆఖరు దసరాది నర్సమ్మా. చాకులు ఊకె పోగొట్టుకుంటున్నమని మేమే ఆయనకు చెప్పినం. తాళంచెవుల గుత్తికి కట్టుకునేటట్టు గా యేడు ఉంగరాలు పెట్టించిండు. అంతకుముందు లేకుండె. ఎన్కకు చిన్న సేటు చాకులే బందు చేసిండు."

 పెట్టెలో తక్కువైంది ఆ ఏటి చాకు. అంటే ఉంగరం ఉన్న చాకు. మరి బాపు దగ్గర ఉన్నది? దానికి ఉంగరం ఉందా? నాకు గుర్తు లేదు! ఆ చాకు రెండు రోజులకని దళారి దగ్గర అడిగి తీసుకుని బస్సెక్కాను. ఇంటికి వెళ్ళి ట్రంకు తెరిచి, అవ్వ చీర మడత విప్పాను. ఉంగరం లేదు. ఉంగరం పెట్టడానికి కనీసం రంధ్రం కూడా లేదు. తెరిచి చూశాను. అంచు అరిగి అరిగి సన్నబడింది. గోటిగాడి నునుపెక్కింది. పెట్టెలోంచి తీసిన కొత్త చాకు కాదది. ఏళ్ళ తరబడి పెద్ద సేటు తన జేబులో తిప్పిన సొంత చాకు.

ఆ రోజు చిన్న సేటు దాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని తెరిచి ఉంటే చాలు. సంఘం పెద్దల్లో ఒక్కరు "ఏదీ, చూపించు" అని అడిగి ఉంటే చాలు. ఊరంతా కలిసి ఒక మనిషిని దొంగను చేసింది గానీ, ఆ ఊళ్ళో ఒక్కరికీ చాకు తెరిచి చూడటానికి బొటనవేలు కదలలేదు. నా కోపంతో ఇల్లు దద్దరిల్లింది. పొయ్యి దగ్గర కూర్చున్న బాపు ముందుకు రెండు చాకులూ తెచ్చి, ఉంగరం సంగతీ అరుగుదల సంగతీ ఊపిరాడకుండా చెప్పాను.

బాపు దగ్గు ఆపుకుని, నా వైపు చూశాడు. "సేటు తన జేబుల చాకు ఇచ్చిండని నేను గా దినమే చెప్తిని గద బిడ్డా" అన్నాడు. పొయ్యిలో కట్టె ఒకటి జరిపి అడిగాడు. "గిన్నేండ్లు నువ్వు గిందుకే తిరిగినవా? నీకు గూడ జర అనుమానముండెనా?"

లేదు బాపూ అనబోయాను.  ఎన్నో ఇళ్ళల్లో ఎందరి చాకులో తెరిచి చూసినదాన్ని, మా ఇంట్లో ఉన్న ఒక్క చాకునూ ఎందుకు తెరవలేదు? ఎక్కడ నిజంగా కొత్తదై ఉంటుందోనన్న భయం నాలో ఏ మూలో ఉంది. ఊరిని తిట్టే హక్కు నాకెక్కడిది? నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. బాపు మాత్రం రెండు చాకులనూ పక్కపక్కన పెట్టి చూసి, "ఉంగరం మంచిగున్నది" అని మళ్ళీ పొయ్యిలో కట్టె జరిపాడు.

మరునాడు మిల్లుకు వెళ్ళాను. చిన్న సేటు మర్యాదగానే కూర్చోబెట్టాడు. చెప్పిందంతా విని, "ఎప్పటి ముచ్చటో నర్సమ్మా, ఇప్పుడెందుకు పరేషాన్ అయితవు?" అన్నాడు. వాళ్ళకు అది ముచ్చట. మాకు రోజూ తినే అన్నం కింద ఉన్న రాయి. "మరి గా ఉంగరం చాకు ఏమైనట్టు? అది చెప్పు, అప్పుడు నమ్ముత" అని ఎదురు ప్రశ్న వేశాడు. అక్కడే కూర్చుని రాసుకుంటున్న గుమస్తా మంచినీళ్ళకని లేచి బయటికి పోయాడు. నేను ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

దళారి చాకు దళారికి తిరిగిచ్చేశాను. ఆ వానాకాలంలో గుమస్తా కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై పెద్ద కష్టమైంది. ఆ ఇంటి నుంచి కబురొచ్చింది. పోకూడదనుకున్నానా? అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి కూడా వచ్చాను. కానీ ఆ పిల్ల ఏం చేసింది? వెళ్ళాను. మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు, తల్లీ బిడ్డా బాగున్నారు.

మూడో రోజు బిడ్డ బొడ్డు చూడటానికి వెళ్ళి, అలవాటుగా దిండు కింద చేయి పెట్టాను. వేలికి ఉంగరం తగిలింది.

బయటికి తీశాను. పత్తికాయ గుర్తు. తెరిచాను. అంచు కొత్తదానిలాగే ఉంది, వాడినట్టే లేదు. దాని సంగతి తెలియని ఇంటి ఆడవాళ్ళు ఇనుము కావాలని పెట్టినట్టున్నారు. గుమస్తా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతిలోని చాకు చూసి, అక్కడే గడప మీద కూర్చున్నాడు.

"గిది నీకెక్కడిది?" అన్నాను. బాలింత నిద్రపోతోంది. లేకపోతే నా గొంతు వీధి చివరికి వినబడేది.

"పెద్ద సేటు ఇచ్చిండు నర్సమ్మా. గా దసరాకే. పెట్టెలకెళ్ళి తీసి, నా రాతబల్ల మీద పెట్టి తీస్కో అన్నడు."

"అయితే పెట్టెల తక్కువైంది నీ చాకే గదా!"

"చిన్న సేటు కోపం మీద అడుగుతుంటే నోరు రాలే. పెద్ద సేటు ఊళ్ళె లేడు. నన్ను ఎవలు నమ్ముతరు? నౌకరి పోతదని భయపడ్డ."

నన్ను ఎవరు నమ్ముతారట! ఆ భయం ఎలా ఉంటుందో తెలిసి, దాన్ని తీసుకెళ్ళి మా బాపు నెత్తిన పెట్టాడు. నేను ఇంకొక్కటే అడిగాను.

"మా బాపు వంగుడు చూసినవు. సేటు పెట్టుడు చూసినవా లేదా?"

 తల ఎత్తకుండానే, "చూసిన" అన్నాడు.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం లాంటిది నా జన్మలో మళ్ళీ రాలేదు, దానికి ముందూ రాలేదు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు. బొడ్డు తుడిచి, కట్టు కట్టాను. చాకు మడిచి మళ్ళీ దిండు కింద పెట్టాను. బిడ్డ తల కింది ఇనుము తీయను. కానీ ఆ మనిషికి ఒక్కటే చెప్పాను. "తొట్టెల కార్యం అయినంక వచ్చే ఆదివారం మా ఇంటికి రావాలె. చాకు తేవాలె. అందరి ముంగట చెప్పాలె. రాకుంటే నేను మిల్లు గేటు కాడ నిలబడి చెప్త."

వచ్చాడు. రాడేమో అనుకున్నాను గానీ వచ్చాడు. ఆరాధన అయ్యాక సంఘం పెద్దలను నేనే వెంటబెట్టుకుని వచ్చాను. పాత బండ్ల రైతులు కొందరు వచ్చారు. చిన్న సేటుకు తీరిక లేదట. బాపు అరుగు మీద కూర్చున్నాడు. గుమస్తా వాకిట్లో నిలబడి, తన చాకు సంగతీ, కాంటా పలక సంగతీ, చూసి కూడా చూడలేదన్న సంగతీ చెప్పాడు.  సంఘం పెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, ఏదో అనబోయి ఊరుకున్నాడు.

గుమస్తా నడుము దగ్గర నుంచి చాకు తీసి, అరుగు మీద బాపు పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు. పద్ధతి ప్రకారం.

బాపు దాన్ని చూశాడు. కదల్లేదు. చేయి చాచాడు.

"చేతికియ్యి" అన్నాడు.

"చేతికిస్తే మంచిది గాదన్నా, కొట్లాటైతది" అన్నాడు గుమస్తా.

"కానీ. వంగి తీస్కున్నందుకు పదకొండేండ్లు దొంగనైన. కొట్లాటైతే ఇద్దరం మొగం మొగం చూస్కొని కొట్లాడుదాం. చేతికియ్యి."

బాపు గొంతు అంత గట్టిగా వినడం నాకు కాంటా రోజుల తర్వాత అదే మొదలు. గుమస్తా ముందుకొచ్చి, అరుగు మీది చాకు తీసి, బాపు చేతిలో పెట్టాడు. అందరూ చూశారు. పెట్టడమూ చూశారు, పట్టుకోవడమూ చూశారు. బాపు దాన్ని తెరిచి, అంచు చూసి, ఉంగరాన్ని బొటనవేలితో ఒకసారి తిప్పి, మూశాడు. తర్వాత గుమస్తా చేయి పట్టుకుని అందులోనే మళ్ళీ పెట్టాడు.

"గిది నీది. నీ మనుమని తలకింద పెట్టుకో. నాది నాకున్నది" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం సంఘం పెద్దలు కానుకల సంచి తెచ్చి బాపుకు ఇచ్చారు, అదేదో తాము చేస్తున్న పెద్ద మేలు అయినట్టు. విసిరికొట్టు బాపూ అని నా మనసు అరుస్తూనే ఉంది. ఆయన మాత్రం లేచి నిలబడి, రెండు చేతులతో తీసుకుని, దగ్గుతూ దగ్గుతూ వరుస వరుసకూ తిరిగాడు. నా కోపం నా దగ్గరే ఉంది. అది ఆయన నాకు ఇచ్చింది కాదు, నేను సంపాదించుకున్నది.

పెట్టెలో ఆ ఖాళీ అందుకే. హైదరాబాదు పెద్దమనిషి వెళ్ళబోతూ, తన దగ్గర రెండున్నాయని, విత్తనాల కంపెనీ చాకు ఒకటి సంచిలోంచి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. "ఉంచుకోండమ్మా" అన్నాడు. నేను చాకు వైపు చూడకుండా చేయి చాచి కూర్చున్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.